గెలుపు సెలవు

"ఆ చిన్న గేటు తాళం తీసి ఉంచు బాబూ," అన్నాడు పెద్దాయన.

స్టేడియం వాచ్‌మన్ ఆయన వైపు చూడకుండానే తల అడ్డంగా ఊపాడు. పొద్దుటి నుంచి ఆయనది ఇదే పాట.

ముందురోజు మన జట్టు కప్పు గెలిచింది. తెల్లారేసరికి ప్రభుత్వం సెలవు ప్రకటించింది. బడి లేదు, ఆఫీసు లేదు, కొట్లు కూడా తెరవలేదు. జట్టు కప్పుతో స్టేడియానికి వస్తుందని టీవీలో చెప్పగానే ఊరు ఊరంతా ఇటే కదిలింది.

సెలవు లేనిదల్లా వాచ్‌మన్‌కే. పంక్తిలో అందరూ కూర్చుని తింటుంటే నీళ్లు మోసేవాడిలా ఉంది అతని పని.

ఈ పెద్దాయన ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో తెలియదు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒంటి మీద జెండా లేదు, ముఖాన రంగు లేదు, నవ్వు అసలే లేదు.

జనం పెద్ద గేటు ముందు పోగవుతున్న కొద్దీ ఆయన గోడ వెంట అటూ ఇటూ తిరిగాడు. పిల్లల్ని తెచ్చినవాళ్లని పట్టుకుని, ఇంటికి తీసుకుపొండి తల్లీ అని బతిమాలాడు.

ఒకావిడకి చిర్రెత్తుకొచ్చింది. మీ ఇంట్లో పిల్లల్లేరా, వాళ్ల సరదా మీకు తెలియదా అని దులిపేసింది.

ఆయన పక్కకి జరిగాడు.

కుర్రకారు ఆయనకి ఏడుపు తాత అని పేరు పెట్టేశారు. వాచ్‌మన్ కూడా నవ్వాడు.

కాసేపటికి పెద్దాయన మళ్లీ వచ్చాడు. వెనక నెట్టేవాళ్లకి ముందేమవుతోందో కనబడదనీ, చిన్న గేటు తీస్తే ముందున్నవాళ్లకి ఊపిరాడుతుందనీ చెప్పాడు. అది పెద్దవాళ్ల కార్లు వచ్చే దారి అనీ, ఏం జరిగినా తీయొద్దని పైవాళ్లు చెప్పారనీ, తీస్తే తన ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందేననీ వాచ్‌మన్ విసుక్కున్నాడు.

"అసలు గెలిచినందుకు సంతోషమే లేదా మీకు?"

"గెలిచింది మైదానంలో కదా బాబూ. సెలవిచ్చి ఊరంతటినీ ఒక్క గేటు మీదకి తోలడం ఎందుకు?"

"సంతోషం పట్టలేక వస్తారండీ జనం. మీరెప్పుడూ అలా సంతోషపడలేదా?"

"పడ్డాను," అన్నాడు పెద్దాయన. "ఒకసారి."

అప్పుడే దూరంగా జట్టు బస్సు హారన్ వినబడింది.

జనం ఒక్కసారిగా ముందుకు ఊగారు. మొదట కేకలు లేవు. పాటలు మాత్రం ఆగిపోయాయి. పెద్ద గేటు ఊచలు కిర్రుమన్నాయి.

తరవాత మొదలయ్యాయి అరుపులు.

వాచ్‌మన్ కాళ్లు భూమిలో పాతేసినట్టు నిలబడిపోయాడు. మొలకి తాళంచెవి ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. పైవాళ్ల మాట చెవిలో ఉంది.

ఇందాకటిదాకా పక్కనున్న పెద్దాయన ఎప్పుడు దూరాడో ఆ జనంలోకి దూరాడు. గోడకి వీపు ఆనించి, కింద నలుగుతున్న పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తి గోడ మీద కూర్చోబెడుతున్నాడు. ఒక పిల్లాడు. ఇంకో పిల్లాడు. చెప్పుల్లేని ఒక పాప.

ఆ పాప ఇటు తిరిగింది.

"నాన్నా," అంది.

పిచిక. వాచ్‌మన్ కూతురు. నోరు మూతపడదని ఇంట్లో ఆ పేరు పెట్టుకున్నారు. బడికి సెలవు కదా అని మేనమామ వెంటపడి వచ్చేసిందని అతనికి తరవాత తెలిసింది.

అతని చేతికి అప్పుడొచ్చింది ప్రాణం. పరిగెత్తి చిన్న గేటు తాళం తీశాడు. గండి పడిన చెరువులా జనం అందులోంచి లోపలికి పొర్లారు. కొందరికి చేతులు విరిగాయి, కొందరు సొమ్మసిల్లారు. నీళ్లు చల్లితే లేచి కూర్చున్నారు.

పెద్దాయన గోడ కిందే కూర్చుని ఉన్నాడు, అలసిపోయి ఆగినట్టు. వాచ్‌మన్ నీళ్లు తెచ్చి నోటికి అందించాడు. నీళ్లు చొక్కా మీదకి కారిపోయాయి.

లోపలికి జట్టు వచ్చినట్టుంది. చప్పట్లు మిన్నంటాయి.

సాయంత్రం ఆసుపత్రి మార్చురీ వరండాలోకి ఒక పెద్దావిడ వచ్చింది. ఆయన భార్య. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. పిచిక అతని భుజం మీద నిద్రపోతోంది. ఆయన పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అడిగాడో, తను ఎన్నిసార్లు కాదన్నాడో, ఏదీ దాచకుండా చెప్పాడు.

ఆమె అంతా విన్నది.

"పిల్లలెవరికీ ఏం కాలేదుగా?"

"లేదమ్మా. ఈ పిల్ల బతికింది ఆయన వల్లే. నేనే... ముందే తాళం తీసి ఉంటే..."

మనవాళ్లు గెలిచారంటే ఆయనకి ఆ రాత్రి నిద్ర ఉండదంది ఆమె. తెల్లారగానే సెలవిచ్చారా అని అడుగుతాడట. ఇచ్చారంటే చాలు, చొక్కా మార్చుకుని బయల్దేరతాడట. ఈ వయసులో ఎందుకని తను అడ్డుపడినా వినడట.

"ఈ గేటు దగ్గరికే ఎందుకమ్మా?"

ఆమె పిచిక పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"మొట్టమొదట కప్పు గెలిచినప్పుడూ ఇలాగే సెలవిచ్చారు నాయనా," అంది. "అప్పుడు ఆ గేటు దగ్గరే నలిగిపోయింది మా పాప, లోపల కప్పెత్తుతున్న వాళ్ల నాన్నని చూడాలని."