నమూనా నూకరత్నం

ఊరంతటినీ పరీక్షించడం దండగని సర్కారు ఎప్పుడో తేల్చేసింది. ఇప్పుడు తునిలో పద్నాలుగు వేల మందికి కలిపి ఒక్క మనిషి ఉమ్మి చాలు. ఆ ఉమ్మి మిఠాయి కొట్టు నూకరత్నానిది. ఆవిడ ఏం చెబితే పద్నాలుగు వేల మందీ అదే చెప్పినట్టు లెక్క.

కిందటిసారి సర్వే అమ్మాయి వచ్చి, జన్యువుల కోసం ఉమ్మి పట్టుకుని, బీపీ చూసి, "పచ్చళ్లు తింటారాండీ?" అని అడిగింది. కొత్త మనిషి ముందు నామోషీ అనిపించి, "అబ్బే, వాసన కూడా చూడమండి" అనేసింది నూకరత్నం, ఆవకాయ చేతిని కొంగుకి తుడుచుకుంటూ.

ఉప్పూకారం లేకుండానే బీపీ వచ్చిందంటే తప్పంతా జన్యువులదేనని కంప్యూటరు గొప్పగా కనిపెట్టింది. ఇక పద్నాలుగు వేల మందీ రోజూ బీపీ బిళ్ల మింగితేగాని రేషన్ మిషను బియ్యం వదిలేది కాదు. ఏ రోగమూ లేని పక్కింటి అచ్చియ్యమ్మ మూడుసార్లు కుళాయి దగ్గర కళ్లు తిరిగి పడింది.

ఐదేళ్లకి మళ్లీ సర్వే వచ్చింది.

"ఈసారైనా నిజం చెప్పవే నూకాలూ, నీకు దండం పెడతాను," అంది అచ్చియ్యమ్మ, గోడ పట్టుకుని నిలబడి.

నూకరత్నం సిగ్గు చంపుకుని ఆవకాయ జాడీ తెచ్చి బల్లమీద పెట్టింది. "మూడు పూటలా ఇదేనండి. అప్పుడు అబద్ధమాడాను."

సర్వే అమ్మాయి చేతిలోని తెర చూసి జాలిగా నవ్వింది.

"మీరే పొరబడుతున్నారండి. కిందటిసారి ఈ ఊళ్లో పద్నాలుగు వేల మంది పచ్చడి ముట్టుకోం అని చెప్పారు. అంతమందిని కాదని మీ ఒక్కరి మాట ఎలా రాసుకోమంటారు?"