పది రూపాయల నోట్లు

కడియంలో మొక్కలమ్మే నాగరత్నం లోను వాయిదా ఫోన్లో కట్టిన ప్రతిసారీ ఆన్‌లైన్ చార్జీ కింద మరో యాభై తొమ్మిది రూపాయలు పోయేవి. "మీ సౌకర్యం కోసమేనండి" అన్నాడు ఫోన్ చేసి అడిగితే ఫైనాన్స్ కంపెనీ మేనేజరు.

అప్పట్నుంచి ఆమె రాజమండ్రి ఆఫీసుకే వెళ్లి, వాయిదా మొత్తం మట్టి అంటిన పది రూపాయల నోట్లలో కట్టసాగింది. కౌంటర్లో క్యాషియరు పూజిత అవన్నీ లెక్కపెడుతుంటే ఎదురుగా కూర్చుని తృప్తిగా చూసేది.

నాలుగో నెల అడిగింది. "బాగా అయిందా మీ కంపెనీకి?"

"కంపెనీకేముందండి. ఇవి లెక్కపెట్టేసరికి నా కొవ్వూరు బస్సు వెళ్లిపోతోంది," అంది పూజిత తలెత్తకుండా. "మా ఫ్రిజ్ లోను కూడా ఇక్కడేనండి. వాయిదా జీతంలోంచి ఆన్‌లైన్లోనే కోసేస్తారు, నాకూ ఆ యాభై తొమ్మిదీ తప్పదు."

నాగరత్నం నోట్లన్నీ తిరిగి సంచిలో వేసుకుంది.

"మేనేజరు గది ఎటమ్మా?"