మైక్రోస్కోపులో వంకర గీత

"ఓపాలి అందులోకి సూడనిస్తావేటి తల్లీ?"

ఝాన్సీ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. ల్యాబు గుమ్మంలో, తల ముగ్గుబుట్టయిన ముసలావిడ.

"గజపతినగరం నుంచి దీనికోసమే వొచ్చినాను."

ఇంకో రోజైతే ఏదో చెప్పి పంపేసేదే. ఎన్నాళ్లుగానో కుదరని ఫోటో ఆ ఉదయమే కుదిరింది. ఝాన్సీ మహా హుషారుగా ఉంది.

"రండి మామ్మగారూ. ఇక్కడ కన్ను పెట్టండి. ఏం కనిపిస్తోంది?"

"ఓలమ్మ, పువ్వులు! ఎన్ని రంగులో!"

"అదంతా ప్లాస్టిక్కేనండి. కరిగించి, పల్చటి పొరగా పరిచి, మెల్లగా చల్లారనిస్తే ఇలా పూస్తుంది. మామూలు వెలుగులో ఏమీ కనబడదు. కిందొకటి, పైనొకటి పోలరాయిడ్ అద్దాలు పెడితేనే గుట్టు బయటపడుతుంది."

"మా ఆయన రాళ్లు సూసీవోరు. రాయిని పల్సగా అరగదీసి, ఇందులోనే. 'ఇలా రావే, ఈ రాయి ఎంత సింగారించుకున్నాదో సూడు' అని పిలిసీవోరు. పొయ్యి మీద కూరొగ్గీసి పరిగెట్టీదాన్ని."

చెబుతూ చెబుతూ ఆవిడ కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడింది. ఝాన్సీకి ముచ్చటేసింది. ఆ పాత మైక్రోస్కోపు మూతపడ్డ మాంగనీసు గని నుంచి కాలేజీకి వచ్చిందని విని ఉంది.

ముసలావిడ మళ్లీ కన్ను పెట్టింది. ఎంతకీ తీయలేదు.

"అడ్డంగా ఓ గీత ఉండాల తల్లీ. నల్లగా, రవ్వంత వంకరగా."

"అదా! కంప్యూటర్‌లో ప్రతి ఫోటోకీ అడ్డుపడి నా ప్రాణం తీసిందండీ. నిన్ననే కన్ను పెట్టే పై గొట్టం విప్పి, దూదితో తుడిచి పారేశాను. ఇప్పుడెంత శుభ్రంగా ఉందో చూడండి."

ఆవిడ మెల్లగా కన్ను తీసింది. కొంగుతో కళ్లొత్తుకుంది. అంతసేపు ఒంటికంటితో చూస్తే నీరు కారదా మరి, అనుకుంది ఝాన్సీ.

"మంచిపనే సేసినావు. నీ సదువు ముఖ్యం తల్లీ."

ఝాన్సీ తల నిమిరి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఎదురొచ్చిన అటెండరు ఎర్రన్న ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాడు. ఒకప్పుడు అతనూ ఆ గనిలో పనిచేసినవాడే. ల్యాబులోకొచ్చి ఝాన్సీని అడిగాడు.

"మా గనిలో రాళ్లు సూసిన జగన్నాధం బాబుగారి ఇంటావిడ కదా! ఆవిడెందుకొచ్చినారమ్మా?"

"లోపల ఏదో గీత ఉండాలంది. నిన్న నేనే తీసేశానని చెప్పాను."

ఎర్రన్న గబగబా వచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.

"తీసీసినారా? బాబుగారు బతికున్నన్నాళ్లూ దాన్ని ఎవుల్నీ మార్సనివ్వలేదమ్మా."

"ఎందుకని?"

"కొలతకని కంపినీ గీతలా బిగించిన సన్న దారం తెగిపోతే, పెళ్లయిన కొత్తల్లో ఆ తల్లి జడలోంచి ఒక్క ఎంట్రుక తీసి ఆయనే అతికించుకున్నారమ్మా."