అదిగో, వాన!

పట్టేసిన మెడలూ నడుములూ చేత్తో సరిచేసే కైరోప్రాక్టర్ యలమంద మాస్టారి సంతాప సభలో మిర్చి యార్డు హమాలీలంతా కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

మెడ పట్టేసినవాళ్ళ తల రెండు చేతుల్లోకి తీసుకుని, మాస్టారు ఉన్నట్టుండి ఒక అబద్ధం ఆడేవారు. మనిషి ఉలిక్కిపడి తిరిగితే చాలు, మెడ టక్కుమనేది.

"నాకైతే 'అదిగో వాన, కాయలు తడిసిపోతున్నాయ్' అన్నారయ్యా! రోహిణి ఎండలో!"

"నాకు మా అత్త పెట్టెతో సహా ఆటో దిగిందన్నారు!"

ఇంతలో హమాలీ బుల్లయ్య బాబాయి మెడ వంకరగా పెట్టుకుని వచ్చాడు. "బస్తా దించుతుంటే పట్టేసింది. ఆయన శిష్యురాలివి కదా, చూడమ్మాయ్!"

అందరి ముందూ కూర్చోబెట్టి తల పట్టుకున్నాను. మాస్టారు పక్కన లేకుండా ఇదే మొదటిసారి.

బాబాయి వానకి కదల్లేదు. అత్తకి అసలే కదల్లేదు. మాస్టారి అబద్ధాలన్నీ అతనికి కంఠతా వచ్చు.

"అదిగో, గేటు దగ్గర మాస్టారు!" అని అరిచాను.

బాబాయి గిరుక్కున తిరిగాడు. టక్! పందిరంతా ఈలలు, చప్పట్లు.

"వదిలేసిందే అమ్మాయ్!" బాబాయి మెడ అటూ ఇటూ తిప్పుతూ గంతులేస్తున్నాడు. "ఏందే, ఇటు చూడవే!"

నేనింకా గేటు వైపే చూస్తున్నాను.