నూకరాజు గుండె

కబడ్డీ సెమీఫైనల్లో ఆఖరి కూతకెళ్లిన నూకరాజు గీత అందక దొరికిపోయాడు. ఒక్క పాయింటుతో కాకినాడ విశాఖ చేతిలో ఓడిపోయింది.

వీధంతా చేతిపట్టీలు విప్పి పారేస్తున్నారు. ఆటగాడి ఛాతీకి ఒక పట్టీ, అభిమాని మణికట్టుకి ఒకటి. అక్కడ గుండె కొట్టుకుంటే ఇక్కడ తెలుస్తుంది. అవి లేని ఇల్లు లేదిప్పుడు.

దమయంతి మాత్రం పట్టీతోనే చారుకి పోపు పెడుతోంది. మణికట్టు మీద నూకరాజు గుండె దడదడలాడుతోంది.

"ఇంకా ఎందుకే అది? తీసి పడెయ్," అన్నాడు భర్త రత్నారావు. అతని పట్టీ అప్పటికే చెత్తబుట్టలో ఉంది.

"ఎంతమంది తీసేశారో ఆ అబ్బాయికి తెలిసిపోద్దంటండి. ఒక్కరైనా ఉండొద్దా?"

"గెలిపించలేనోడికి మనమెందుకు?"

"మన పిల్లాడైతే అలాగే అంటారా?"

రత్నారావు కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి వదిలేశాడు. లేచి వెళ్లి, చెత్తబుట్టలోని పట్టీ తీసి, పంచెతో తుడిచి చేతికి చుట్టుకున్నాడు. చప్పుడు లేదు.

"నాది పాడైనట్టుందే."

"పాడవలేదండి," అంది దమయంతి, తన మణికట్టు నిమురుకుంటూ. "మీరు లేచేలోపే ఆగింది. తన పట్టీ తనే విప్పేసుకునుంటాడు."