పిడికిలి ముయ్యని మాస్టారు

ఆఖరి స్వరం ఎత్తుకుని అప్పటికే నిమిషం దాటింది. మాస్టారి చెయ్యి గాల్లో అలాగే ఉంది.

ఆ చెయ్యి పిడికిలి బిగిస్తేనే పాట ఆగాలి. బృందంలో అదే నియమం. ఎవరికి వాళ్ళు ఆపేస్తే అది పాట కాదు, సంతలో బేరం అని మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకుని నేర్పారు. అందుకే నలభైమందీ నోళ్ళు తెరుచుకుని "ఆ..." అంటూనే ఉన్నారు. కాగితం మీద ఆ స్వరానికి రాసి ఉన్నది ఎనిమిది లెక్కపెట్టేంత సేపు. ఇప్పటికి ఎనభై అయింది.

బృందం ముందు వరసలో నిలబడ్డ మాస్టారి భార్య పాడుతూనే తలెత్తి చూసింది. ఎదురుగా, వీధి తలుపు పైన, మూడొందల ఏళ్ళ నాటి చెక్క బాల్కనీలో చర్చి పెద్దలంతా కొలువుదీరి ఉన్నారు. ఇవాళ్టి పాట వాళ్ళకి నచ్చితే వచ్చే ఏడాది కూడా పాడుకోడానికి ఈ చర్చి ఇస్తారు. నచ్చకపోతే బృందం మూటాముల్లే సర్దుకోవాల్సిందే. ఆ మాట వాళ్ళందరిలోకీ పెద్దాయన మొహం మీదే చెప్పాడు.

పాట తెగకుండా ఊపిరి పీల్చుకోడానికి వీళ్ళకో పద్ధతుంది. పక్కవాళ్ళు పాడుతుండగా ఒక్కొక్కరే దొంగతనంగా గాలి పీల్చుకుని మళ్ళీ కలిసిపోవాలి. ఆ సందులోనే గుసగుసలు నడిచాయి.

"వదినా, అన్నయ్య గానీ నిద్రపోయాడా?" అంది పక్కనున్న దర్జీ ఆవిడ.

"కళ్ళు తెరిచే ఉన్నాయిగా!"

"మా మేనమామ కళ్ళు తెరుచుకునే గురకపెట్టేవాడు."

"ముందు పాడవే తల్లీ!"

వెనక నుంచి పళ్ళ డాక్టరు మెడ చాచాడు. "అమ్మా, ఇందాక చర్చి కాపలాదారు వచ్చి మాస్టారి చెవిలో ఏదో ఊదాడు. అప్పట్నుంచే ఈ వరస."

"ఏం ఊదాడు?"

"నాకెలా వినపడుతుంది? నేను పాడుతున్నాగా!"

"టైమైపోయిందని చెప్పి ఉంటాడు. ఈయనకి టైమైందని చెప్తే పౌరుషం పొడుచుకొస్తుంది," అని ఆవిడ మొగుడి వంక గుడ్లురిమి చూసింది. ముయ్యండి మహానుభావా అని కళ్ళతోనే బతిమాలింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది. ఎడం చేత్తో తగ్గించండి, ఇంకా తగ్గించండి అంటున్నారు. కుడిచెయ్యి మాత్రం దిగలేదు.

మూడో వరసలో పోస్ట్‌మాన్ కళ్ళు తేలేశాడు. అటొకరూ ఇటొకరూ చంకల్లో చేతులేసి ఎత్తి పట్టుకున్నారు. స్పృహ తప్పి కూడా శ్రుతి తప్పలేదు, నమ్మితే నమ్మండి.

అప్పుడు చూసింది మాస్టారి భార్య. మసక చీకట్లో బాల్కనీలో ఆకారాలు లేస్తున్నాయి. ఒక్కొక్కరే, వంగి వంగి, మెట్లవైపు.

"వదినా, వెళ్ళిపోతున్నారే!"

"చూస్తున్నా."

"బూట్లు చేత్తో పట్టుకుని మరీ పారిపోతున్నారు! అంత ఘోరంగా పాడుతున్నామా?"

పెద్దాయన కూడా లేచాడు. రెండు బూట్లూ గుండెలకి అదుముకుని పిల్లిలా మెట్లు దిగాడు. తర్వాత బాల్కనీ కిందున్న వరసలూ లేచాయి. పక్క తలుపులోంచి జనం ఇసుక జారినట్టు జారిపోయారు. చివరికి ముందు నాలుగు వరసలు తప్ప చర్చంతా ఖాళీ. ఆ మిగిలినవాళ్ళకి వెనక జరిగేది తెలీదు. వాచీలు చూసుకుంటూ ఆవలిస్తున్నారు.

పాడుతూనే ఏడ్చింది ఆవిడ. ఏడుస్తూనే పాడింది.

పక్క తలుపు దగ్గర కాపలాదారు చెయ్యెత్తాడు. మాస్టారు పిడికిలి బిగించారు.

పాట ఆగింది. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం.

ఆవిడ ఇక ఆగలేదు. గబగబా దగ్గరికొచ్చి పళ్ళు బిగించి అంది: "మీకేమైనా మతిపోయిందా? పెద్దలంతా లేచిపోయారు. ఇంతమంది కష్టం గంగలో కలిపారు. రేపట్నుంచి ఏ గోడల మధ్య పాడతాం, చెప్పండి!"

"ఉష్! గట్టిగా మాట్లాడకు."

"ఎందుకు మాట్లాడకూడదు?"

మాస్టారు మిగిలిన జనం వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు.

"బాబ్బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. దయచేసి ఎవరూ చప్పట్లు కొట్టకండి."

జనం బిత్తరపోయారు. చప్పట్లు కొట్టండని అడుక్కునేవాళ్ళని చూశారు గానీ, వద్దని ఏడ్చేవాణ్ణి చూడటం అదే మొదలు. ఎత్తిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మొదటి వరసలో ఒక ముసలాయనకి మాత్రం చెముడు. మాస్టారు చేతులు జోడించింది తనకి నమస్కారమే అనుకున్నాడు. మురిసిపోతూ లేచి, చేతులు బారజాపి, ఫట్‌మని ఒక్కటి చరిచాడు.

ఆ ఒక్క చరుపుకి, ఎదురుగా ఉన్న ఖాళీ బాల్కనీ గోడలోంచి ఊడి, దూలాలతో కుర్చీలతో సహా నేలమీద పడింది.