గురువారపు చుట్టం

"ఆ వేదనాయకి మా అక్క నేల మింగకుండా ఈ ఊరు వదలదు, చూస్తా వుండు," అన్నాడు బాలుసామి, తింటున్న చెయ్యి కంచంలో విదిలించి.

చారు పోయబోతున్న భార్య పాప్పమ్మాళ్ గరిటె ఆపింది. "ఎవరు, మిషను సిస్టరమ్మా? ఊర్లో పుండ్లు కడిగి పోయేదానికి నేలెందుకయ్యా?"

"దానికి కాదే. దాని చర్చికి."

బాలుసామి అక్క వెళ్ళత్తాయి మంసాపురంలోనే రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కళ్ళలో పొర కమ్మి ఆరేళ్ళయింది. ఎదుట ఉన్నది మనిషో గుంజో గొంతు వింటే తప్ప తెలియదు. ఆమెకున్న ఒక్క ఎకరం బాలుసామి పొలాన్ని ఆనుకునే ఉంది. దున్నడం, నాటడం, కోయడం, వడ్లు ఆమె గడపలో దించడం అంతా తమ్ముడే. ఊళ్ళో వాళ్ళు తమ తమ్ముళ్ళను తిట్టాలంటే బాలుసామిని చూపించేవాళ్ళు. ఆమె తర్వాత ఆ ఎకరం ఎవరిదన్న మాటే ఎవరూ ఎత్తలేదు, పంతొమ్మిది వందల యాభైతొమ్మిదిలో ఈ వేదనాయకి దిగేదాకా.

ప్రతి గురువారం రాజపాళయం బస్సులో వస్తుంది. నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి. బాలింతలను చూసి, పిల్లల గజ్జికి మందు రాసి, చివరికి వెళ్ళత్తాయి ఇంట్లో చేరుతుంది. చేరి తలుపు వేసుకుంటుంది. ఆ మూసిన తలుపే బాలుసామికి గిట్టలేదు.

ఒక గురువారం ములక్కాయలు ఇచ్చే వంకతో పెరటి వైపునుంచి వెళ్ళి గోడకు చెవి ఆనించాడు.

"పదో తేదీ పోదాం పెద్దమ్మా. వేలిముద్ర అక్కడే వేయాల. మీ తమ్ముడితో చెప్పినారా?"

"అయ్యయ్యో, వానితోనా? తెలిస్తే పోనిస్తాడా! నీవు నోరు తెరవబాక తల్లీ."

బాలుసామికి ఒళ్ళు మండింది. "అక్కా!" అంటూ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"నువ్వేనారా బాలూ?" అక్క నవ్వింది. "అడుగు చప్పుడే లేదే, దొంగ మాదిరి!"

వేదనాయకి లేచి నిలబడింది. "వణక్కం అన్నా."

"మనిషిని మతం మార్చేదానికి ఎన్ని గురువారాలు పడుతుందమ్మా?"

"అది నాకు తెలీదన్నా. పుండు మానేదానికి ఎన్ని పడుతుందో అడగండి, చెప్తాను."

ములక్కాయలు నేలకేసి కొట్టి వచ్చేశాడు.

ఇంటికొచ్చి కూర్చోలేకపోయాడు. "వేలిముద్రే! రిజిస్టర్ ఆఫీసు కాక ఇంకెక్కడ వేస్తారు వేలిముద్ర? నేను చెమట కార్చిన నేల చర్చికి రాసిస్తుందంట!"

"అడగరాదా వదినను?"

"అడిగితే మర్నాడే పోతారు. వేలిముద్ర వేస్తా వుండగానే పట్టుకోవాల."

పదో తేదీ మొదటి బస్సుకే రాజపాళయం పోయి రిజిస్టర్ ఆఫీసు ఎదుట టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. లోపలికి పోయే ప్రతి ముసలిదాని ముఖమూ వంగి చూశాడు. ఒకామె కొడుకు కొట్టబోయాడు కూడా. అక్క రాలేదు, వేదనాయకి రాలేదు. సాయంత్రం ఊరికి వస్తే అక్క ఇంటికి తాళం. మర్నాడు మళ్ళీ పోయాడు, ఆ మర్నాడూ పోయాడు.

"ఏమయ్యా, ఆఫీసు ఊడ్చే పని గాని ఇచ్చినారా?" అంది పాప్పమ్మాళ్.

వారం దాటింది. ఒక పొద్దున వీధిలో కేకలు. బాలుసామి బయటికి వచ్చేసరికి బస్సు దిగిన వెళ్ళత్తాయి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వస్తోంది. నుదుట ఎప్పటి నామమే. ముక్కు మీద సోడాబుడ్డి అద్దాల కళ్ళజోడు. వెనకాల గొడుగుతో వేదనాయకి.

"పాప్పమ్మా, ఏమే ఇట్ల నెరిసిపోతివి!" అంది వెళ్ళత్తాయి. తర్వాత తమ్ముడి వైపు తిరిగి కింది నుంచి పై దాకా చూసింది. "నువ్వు మాత్రం బాగా బలిసినావురా."

"చూపు వచ్చెనా వదినా?" పాప్పమ్మాళ్ ఆమె బుగ్గలు తడిమింది.

"మిషనువాళ్ళు కంటి ఆపరేషన్లకు పెట్టిన ముకాములో పొర తీసినారే. కత్తి పెట్టేదానికి ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేసినాను, అంతే. వీడేమో, కత్తి పెడితే కన్ను పగిలిపోతుందని ఇన్నేండ్లూ పోనీకుండా చేసె."

పాప్పమ్మాళ్ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "విన్నావా? నేల ఎక్కడికీ పోలేదు. ఇంకనైనా నవ్వయ్యా!"

బాలుసామి నవ్వలేదు.

"దా తల్లీ, పొలం చూసి వద్దాం," అంది వెళ్ళత్తాయి వేదనాయకితో.

"ఇప్పుడేనా?" బాలుసామి అడ్డం వచ్చాడు. "ఎండ అక్కా. పచ్చి కళ్ళు. నెల పోనీ, నేనే బండి కట్టి తీసుకుపోతాను."

"ఆరేండ్లు చీకట్లో వుంటినిరా. ఎండ నన్నేం చేస్తుంది?"

"గట్లంతా బురద. జారి పడితే?"

"పడితే లేస్తాను. తప్పుకో."

వేదనాయకి గొడుగు పట్టింది. బాలుసామి వెనకాలే నడిచాడు. రెండు పొలాల మధ్య గట్టు మీదికి ఎక్కి వెళ్ళత్తాయి నిలబడింది. తన ఎకరం వైపు చూసింది. తమ్ముడి పొలం వైపు చూసింది. తమ్ముడి వైపున ఏపుగా పెరిగిన వేపచెట్టు దగ్గరికి దిగి, మొదలును అరచేత్తో చుట్టూ తడిమింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఒరే బాలూ, మీ బావ నా పొలంలో నాటిన ఈ వేప, గట్టు దాటి నీ పొలంలోకి ఎప్పుడురా నడిచి వచ్చె?"